తలుపు తీసేసిన గది

నా మొదటి కాన్పు ఎక్కడ జరుగుతుందో మా అమ్మ నాకంటే ముందు ఒక మీటింగులో ఊరందరికీ చెప్పింది.

నేనప్పుడు కొత్తకోట దగ్గర అత్తగారింట్లో ఉన్నాను. ఐదో నెల. మా ఆయన ఫోను తెచ్చి నా ముందర పెట్టాడు. వీడియోలో అమ్మ మైకు పట్టుకుని నిలబడి ఉంది. మెడలో కండువా, నుదుటి మీద చెమట. కింద కూర్చున్న వాళ్లలో ఎవరో అడుగుతున్నారు, మమ్మల్ని సర్కారు దవాఖానకు రమ్మంటున్నవు గదా, నీ బిడ్డను ఈడికే తెస్తవా, పట్నం తీస్కపోతవా అని. అమ్మ కొంచెం కూడా ఆలోచించలేదు.

"నా బిడ్డ మొదటి కాన్పు గీ దవాఖానలనే. వచ్చి సూసుకోండ్రి."

చప్పట్లు మోగాయి. వీడియో తీస్తున్నవాడు కూడా చప్పట్లు కొట్టినట్టున్నాడు, బొమ్మ ఒకసారి కింద చెప్పుల మీదికి పోయి వచ్చింది.

వెనక నిలబడి చూస్తున్న అత్తమ్మ, మీ అమ్మ మంచిగ మాట్లాడుతది అన్నది. చాలాసేపటి తర్వాత, బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది, నిన్ను అడిగిందా అని.

అడగలేదు. మా దిక్కు మొదటి కాన్పు పుట్టింటిది, ఆ తర్వాతవి అత్తింటివి. మొదటిసారి మంచీ చెడూ అన్నీ తల్లి చేతిలోనే. అత్తమామలు చూడటానికి వస్తారు, తిని పోతారు, మాట చెప్పరు. కాబట్టి అమ్మ నన్ను అడగకపోవడంలో ఎవరికీ తప్పు కనిపించలేదు. నేను చిన్నప్పటి నుంచీ భయస్తురాలిని. నర్సు బిడ్డను కాబట్టి ఏ రోగం ఎట్లా మొదలవుతుందో ముందే తెలిసి, రాని రోగాలకు కూడా భయపడేదాన్ని. ఆ రోజు మాత్రం భయం బయటికి చెప్పలేదు. చప్పట్లు కొట్టినవాళ్లు అంతమంది ఉన్నప్పుడు ఒక్కదాన్ని వద్దనడం ఎట్లా?

ఇదంతా పాప పడుకున్నాక రాస్తున్నాను. మధ్య మధ్య లేచి పోయి దాని ఊపిరి చూసి వస్తున్నాను. ఎక్కడైనా మాట తెగినట్టుంటే అందుకే.

అమ్మ దేవరకొండ అవతల ఒక చిన్న సర్కారు దవాఖానలో నర్సుగా ఉండేది. బాపుకు బత్తాయి తోట, ఎండిన బోర్లు, ఎండని బోరు ఒకటి. అమ్మ పొద్దున్నే స్కూటీ తీసుకుని గుట్టల వెనక పల్లెలకూ తండాలకూ పోయేది. గొర్ల కాపరుల పిల్లలకు టీకా వేయాలంటే ముందు వాళ్ల మంద ఎక్కడుందో కనుక్కోవాలి. ఎరువు కోసం రైతులు తమ చేన్లలో రాత్రిపూట మంద పెట్టించుకునేవాళ్లు. మంద ఏ చేన్లో ఉంటే ఇల్లూ అక్కడే, పసిపిల్ల ఉయ్యాలా అక్కడే. అమ్మ కల్లు గీసేవాళ్లనూ పాలవాళ్లనూ అడుగుతూ పోయి పట్టుకునేది. ఆ ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "తోడేలన్న ఒకదినం తప్పుతది గని నర్సమ్మ తప్పది" అనేవాళ్లు.

ఆమె సంచిలో ఒక అల్యూమినియం గొట్టం ఉండేది. ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. వెడల్పు కొస కడుపు మీద ఆనించి, సన్నపు కొసకు చెవి పెట్టి, లోపలి బిడ్డ గుండె వినేది. వినేటప్పుడు కళ్లు మూసుకుని, ఒక చెయ్యి పైకి ఎత్తి పట్టుకునేది. ఆ చెయ్యి లేస్తే గుడిసెలో అత్తలు, ఆడబిడ్డలు, వాకిట్లో మగవాళ్లు, అందరూ నోళ్లు మూసుకోవాలి. గొర్లు ఒక్కటే ఆమె మాట వినేవి కావు. చెయ్యి దించి, ఉన్నడు, మంచిగున్నడు అనేది. ఆడపిల్లయినా సరే, పుట్టేదాకా అమ్మకు అందరూ 'ఉన్నడే'. నొప్పులు మొదలైతే అరగంటకోసారి వినాల్సిందే. సెలవుల్లో నేనూ వెంట పోయేదాన్ని కాబట్టి ఆ చెయ్యి లేవడం ఎన్నోసార్లు చూశాను.

తెలంగాణ కోసం ఊర్లన్నీ రోడ్డు మీదున్న రోజుల్లో దవాఖాన ముందర కూడా ఒక టెంటు వేశారు. ఒకరోజు మాట్లాడాల్సిన పెద్దమనిషి రాకపోతే మైకు అమ్మ చేతికిచ్చారు. అమ్మ తెలంగాణ గురించి ఏమీ చెప్పలేదు. కాన్పు కష్టమై ట్రాక్టరులో తీసుకుపోతుంటే దారిలోనే పోయిన ఒక కోడలి సంగతి చెప్పింది. ట్రాక్టరులో ఆమె తల తన ఒళ్లోనే ఉండిందని చెప్పింది. టెంటు కింద మగవాళ్లు తలలు దించుకున్నారు. రాష్ట్రం వచ్చాక మా మండలం జిల్లా పరిషత్ సీటు ఆడవాళ్లకు పోయినప్పుడు, ఆ తలలు దించుకున్నవాళ్లే మా ఇంటికి వచ్చి కూర్చున్నారు.

బాపుకు ఇష్టం లేదు. సర్కారు నౌకరి విడిస్తే మళ్లా రాదన్నాడు. "ఓట్లు బత్తాయి కాత అసొంటియే. ఒక్కయేడు ఇరగ కాస్తది, మల్ల మూడేండ్లు మొకం సూపియ్యది" అన్నాడు. అమ్మ నవ్వింది. నేను సూదులేసుకుంట పోతే ఒక్క దవాఖాన బాగుపడ్తది, సంతకం నా చేతిల ఉంటే అన్ని దవాఖానలు బాగుపడ్తయి అన్నది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. అమ్మ మాటే నాకు సరైనదనిపించింది. ఇప్పటికీ తప్పనిపించదు, అదే నాకు కష్టం.

గెలిచింది. ఆరోగ్యం సంగతులు చూసే కమిటీ ఆమెకిచ్చారు. కాన్పు గదుల్లో నీళ్లు వచ్చేట్టు చేసింది. రాని డాక్టర్లు రావడం మొదలుపెట్టారు. అంబులెన్సు రాలేని పల్లెలకు రోడ్లు వేయించింది. కొన్నేండ్లకు రాష్ట్రస్థాయి ఆరోగ్య సంఘం ఒకదానిలోకి తీసుకున్నారు. హైదరాబాద్‌లో మీటింగులు, తెల్ల కారు, దాని వెనక ఇంకో కారు. నర్సమ్మా అని పిలిచేవాళ్లు మేడం అనడం నేర్చుకున్నారు. పల్లెకు పోతే కుర్చీ వేసేవాళ్లు. కుర్చీ మీద కూర్చుంటే నులకమంచంలో ఉన్న మనిషి కడుపు చేతికి అందదని, ఒకసారి నాతో ఫోనులో నవ్వుతూ అన్నది. నవ్వుతూనే అన్నది కాబట్టి నేనూ నవ్వాను.

ఆ రోజుల్లోనే ఒకటి జరిగింది. ఒక దవాఖాన చూడటానికి పోయి, అక్కడి నర్సు బీపీ సరిగ్గా చూడటం లేదని, పట్టీ ఆమె చేతిలోంచి తీసుకుని అమ్మ తానే చూసింది. వార్డంతా చూస్తోంది. తర్వాత ఆ నర్సు పక్కకు వచ్చి, మేడం, మీరు ఇప్పుడు పోతరు, రేపటి సంది గీ ఆడోళ్లు నా మాట ఎట్ల ఇంటరు అని ఏడ్చిందట. ఆ మాట అమ్మను పట్టి కుదిపింది. ఇక ఏ దవాఖానకు పోయినా పని చేసేవాళ్ల పని మీద చెయ్యి వేయనని ఒట్టు పెట్టుకుంది. గొట్టం సంచిలోంచి కారులోకి పోయింది. కారు ముందరి డబ్బాలో టోల్ రసీదుల కింద పడి ఉండేది.

ఏడో నెలలో అమ్మా బాపూ వచ్చి నన్ను తీసుకుపోయారు. అప్పటికే ఎమ్మెల్యే టికెట్టు అమ్మకే అని ఊర్లల్లో అనుకుంటున్నారు. నల్లగొండలో ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుంటే మంచిదేమో అని ఒకరోజు బాపు చేత అడిగించాను. అమ్మ నా దగ్గరికే వచ్చి కూర్చుంది. "నేనే నమ్మకపోతే గా దవాఖానను ఎవ్వలు నమ్ముతరు బిడ్డా" అన్నది. నా తల నిమిరింది. ఆమె చేతికి అప్పుడు దవాఖాన వాసన లేదు. పూలదండల వాసన ఉంది. నేను సరేనన్నాను.

నొప్పులు పొద్దున మొదలయ్యాయి. మేం పోయేసరికి దవాఖాన కడిగి ఉంది. మెట్ల పక్కన ముగ్గు పిండితో గీతలు గీసి ఉన్నాయి. కాన్పుల వార్డు తలుపు తీసే ఉంది. లోపల ఆడవాళ్లు కొందరు మంచాల మీద, కొందరు గోడ పట్టుకుని నడుస్తూ ఉన్నారు. నా ఈడుదే ఒక పిల్ల, కాళ్లకు పట్టీలు, నన్ను చూసి మూలుగు మధ్యలో ఆపి నవ్వింది. డ్యూటీలో ఉన్న నర్సు బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న మిషను చేత పట్టుకుని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోతోంది. నన్ను మాత్రం ఆ వార్డు దాటించి వరండా చివరికి తీసుకుపోయారు. సామాను వేసుకునే గదిని ఖాళీ చేసి, రంగు వేసి, కూలరు పెట్టి, కొత్త దుప్పటి పరిచి ఉంచారు. నేను అందరితో పాటు వార్డులో ఉంటానంటే నవ్వారు. మండలం లీడరు ఒకాయన, నేను అన్నా అని పిలిచేదాన్ని, మేడం బిడ్డవు, అండ్ల ఎట్ల పంటవు చెల్లె అన్నాడు.

గది గడప దగ్గర అమ్మ డాక్టరునూ నర్సునూ పిలిచి అందరి ముందర చెప్పింది.

"ఈడ నేను లీడరును గాదు, నర్సును గాదు. తల్లిని. మీ పని మీరు చెయ్యుండ్రి. నేను చెయ్యి వెట్ట."

ఎంత మంచి మాట అన్నట్టు అందరూ తలలూపారు. మంచం మీద నేను కూడా పొంగిపోయాను.

అప్పుడే ఎవరో సర్కారు ఇచ్చే కిట్టు తెచ్చి నా తల దగ్గర బల్ల మీద పెట్టారు. పసిపిల్లల బట్టలు, సబ్బు, పౌడరు, చిన్న దోమతెర. అది కాన్పు అయ్యాక ఇచ్చేది. ఫోటో కోసం ముందే తెచ్చారు. పుట్టకముందు పిల్లలకు బట్టలు తేవద్దని మా ఇండ్లల్లో అంటారు. బాపు ఆ సంచిని చూసి బయటికి పోయాడు.

తర్వాత తలుపు దగ్గరికి వేశారు. నాకు తోడుగా ఒక మహిళా కార్యకర్తను కూర్చోబెట్టారు. మంచి మనిషి. విసురుతూ, నీళ్లు తాగిస్తూ, ఎవరినీ లోపలికి రానీయకుండా కాపలా కాసింది. గోడ అవతల వార్డులో చప్పుళ్లు వినిపించేవి. నర్సు చెప్పుల చప్పుడు, ఎవరినో తిట్టడం, ఎడమకు తిరిగి పండుకో అనడం. ఒకసారి ఆ చెప్పులు మా తలుపు దాకా వచ్చాయి. బయట మగ గొంతు ఏదో అన్నది. చెప్పులు వెనక్కి పోయాయి. మళ్లీ ఒకసారి వచ్చి, మళ్లీ పోయాయి.

ఆ గొంతు ఏమన్నదో నాకు తర్వాత తెలిసింది. "లోపల మేడమే ఉన్నరు, మేడం సూసుకుంటున్నరు."

అమ్మ లోపల లేదు. డాక్టరు గదిలో విలేకరులతో ఉంది. డ్యూటీలో ఉన్నవాళ్లు చూసుకుంటున్నారని ఆమె అనుకుంది. తల్లి పెద్ద నర్సు, ఆమె చూసుకుంటోందని వాళ్లు అనుకున్నారు. వార్డులో ప్రతి ఆడమనిషి కడుపు మీదా ఆ మిషను ఎన్నోసార్లు ఆనింది. పట్టీల పిల్ల అరుపులు ఆగి, పసిబిడ్డ ఏడుపు వినిపించింది. నా దగ్గరికి ఎవరూ రాలేదు.

కదులుతలేడక్కా అన్నాను ఆ కార్యకర్తతో. వచ్చే ముందు పిల్లలు అట్లనే మెదలకుంట ఉంటరు అన్నది. అమ్మను పిలవమన్నాను. పోయి వచ్చింది. మాట్లాడుతున్నరు, ఇప్పుడే వస్తరు అని చెప్పింది.

అమ్మ వచ్చింది. బయట ఎవరితోనో అంటున్న మాట తాలూకు నవ్వు ముఖం మీద ఉండగానే లోపలికి వచ్చింది. నన్ను చూసి ఆ నవ్వు పోయింది. ఒట్టు గుర్తు రాలేదనుకుంటాను. కొంగు దోపుకుని నా కడుపు మీద రెండు చేతులూ వేసింది. మిషను తెమ్మని అరిచింది. నర్సు ఉరికొచ్చి పెట్టింది. ఒకచోట పెట్టింది, ఇంకోచోట పెట్టింది. గరగరమన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. అమ్మ మిషనును నమ్మలేదు. కారు దగ్గరికి తానే ఉరికింది. మేడం ఉరకడం వాళ్లెవరూ అంతకుముందు చూసి ఉండరు. గొట్టం తెచ్చి ఆనించి, చెవి పెట్టి, కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తింది.

వరండాలో ఉన్న జనం అంతా నిశ్శబ్దమయ్యారు. నేను చిన్నప్పటి నుంచీ విన్న మాట కోసం చూశాను. ఉన్నడు. మంచిగున్నడు. ఆమె ఆ చెయ్యి చాలాసేపు దించలేదు.

బాబు. బాపు పోలిక. మా ఆయనా బాపూ కలిసి తోట గట్టున పూడ్చి వచ్చారు. మా ఆయన వచ్చి మంచం పక్కన కింద కూర్చున్నాడు.

మర్నాడు అత్తమ్మ వచ్చింది. వాళ్లది గొర్ల మీద బతికిన కుటుంబం, మామకు ఇప్పటికీ మంద ఉంది. ఆమె ముందుగా బల్ల మీది సంచిని చూసింది. తర్వాత గదిని చూసింది, కూలరును, రంగును, తలుపును. అమ్మ ఆమె ముందు నిలబడి ఉంది. అత్తమ్మ గొంతు పెంచలేదు.

"మందల ఉన్న గొర్రెను కాపరి సూస్తడు వదినె. మంద నుంచి ఏరువెట్టిన గొర్రెను దేవుడే సూడాలె" అన్నది.

అమ్మ ఆ మాటకు తల ఊపింది.

ఇంటికి వచ్చాక నాకు పాలు వచ్చాయి. ఎవరి కోసం వస్తున్నాయో వాటికి తెలియదు కదా. రొమ్ములు రాళ్లయి జ్వరం వచ్చింది. అమ్మ పాత ధోవతి చింపి నా ఛాతీ చుట్టూ బిగించి కట్టింది. పాలు ఆగడానికి మల్లెపూలు తెప్పించి ఆ కట్టులో పెట్టింది. నర్సు చేతులు, జారిపోకుండా కట్టే ముడి. రోజుకు రెండుసార్లు విప్పి, చూసి, మళ్లీ కట్టేది. కట్టినంతసేపూ ఆమె ముఖం నా ముఖానికి దగ్గరగా ఉండేది. ఆమె ఒక్క మాట అంటుందని ప్రతిసారీ చూసేదాన్ని. నేను లోపలికి వచ్చి కూర్చోవాల్సింది బిడ్డా అని. అంతే చాలు. అంటే నేనేం చేసేదాన్నో తెలియదు, తిట్టేదాన్నేమో. కానీ అది వినకుండా నాకు ఆ ఇంట్లో అన్నం దిగలేదు. అమ్మ ముడి వేసి, పూలు వాడినయి, కొత్తవి తెప్పిస్త అని లేచి పోయేది.

పార్టీవాళ్లు వచ్చారు. ఆ రోజు వాళ్లు ముందరి గదిలో మాట్లాడుకున్నది బాపు తర్వాత నాకు చెప్పాడు. డ్యూటీ నర్సు కాంట్రాక్టు మీద ఉన్న పిల్ల, ఆమెను తీసేస్తే సరిపోతది, నిర్లక్ష్యం అని పేపర్ల వస్తది, జనానికి మీ మీద జాలి గూడ పుడతది, టికెట్టుకు అడ్డం ఉండదు అని మండలం లీడరు అన్నాడట. అమ్మ చాలాసేపు విన్నదట.

"ఆ పిల్ల రెండుసార్లు తలుపు దాక వచ్చింది. వాపస్ పంపింది మనం" అన్నదట. "మనం లేకుంటె నా మనవడు బతికేటోడు."

దవాఖాన కమిటీ మీటింగుకు ఆమె మళ్లీ ఒక్కసారే పోయింది. ఆ చివరి గదికి తలుపు తీసేయించి, వార్డు వైపు గోడ కొంత కొట్టించి, దాన్ని వార్డులో కలిపించింది. లీడరు బిడ్డయినా కలెక్టరు భార్యయినా వార్డులోనే, మిషను అందరి దగ్గరికీ పోవాలని రాయించింది. ఊడదీసిన తలుపు చాలా రోజులు దవాఖాన వెనక గోడకు ఆనించి ఉందట, వానకు తడిసి ఉబ్బిపోయిందట. టికెట్టు వేరేవాళ్లకు పోయింది. సంఘంలో పదవి అమ్మే వదిలేసింది. సొంత బిడ్డకు కాన్పు చేయించలేని నర్సమ్మ, మనకేం చేయిస్తది అని ఎలక్షన్లలో అవతలి పార్టీవాళ్లు జీపు మైకులో అన్నారు. జీపు మా ఇంటి ముందర నుంచే పోయింది. మళ్లా నర్సమ్మ అన్నరు సూడు అని అమ్మ బాపుతో అన్నదట.

కొత్తకోటకు తిరిగి వచ్చాను. కాన్పుకు ముందు చెప్పిన స్కూల్లోనే లెక్కలు చెప్పడం మళ్లీ మొదలుపెట్టాను. హైవే మీద లారీల చప్పుడు వింటూ రెండేండ్లు గడిచాయి. అమ్మ ఫోను చేసేది. తిన్నవా, మందులు వేసుకుంటున్నవా, బోరు ఎండింది, మీ బాపుకు మోకాళ్ల నొప్పులు. అన్నీ చెప్పేది. పార్టీవాళ్లకు చెప్పిన మాట, కమిటీకి చెప్పిన మాట, నాకు చెప్పలేదు. బాపు ద్వారా తెలిసింది కదా అని మా ఆయన అనేవాడు. తెలియడం వేరు, వినడం వేరు అని ఆయనకు చెప్పలేకపోయాను.

మళ్లీ నెల తప్పినప్పుడు అందరూ హైదరాబాద్ పెద్దాసుపత్రి పేర్లు చెప్పారు. ఈసారి మాట అత్తమ్మది. ఆమె నన్ను అడిగింది, నీకెక్కడ ధైర్యంగుంటది అని. వార్డులో, నలుగురి మధ్య అన్నాను. సర్కారు దవాఖాననే అయినా సరే, నా పక్క మంచం మీద ఇంకో ఆడమనిషి ఉండాలి. అత్తమ్మ నా ముఖం చూసి, మందల ఉంట అంటున్నవు, ఉండు అన్నది. మా ఆయన రెండు రోజులు అలిగి ఒప్పుకున్నాడు.

మహబూబ్‌నగర్ దిక్కు దవాఖానలో నన్ను చేర్చిన రోజు అమ్మ రెండు బస్సులు మారి ఒక్కతే వచ్చింది. మామూలు చీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. జుట్టుకు రంగు వేయడం ఎప్పుడో మానేసింది. వార్డు తలుపు దగ్గర ఆయా ఆపింది, ఒక్కరే ఉండాలె లోపల అని. అమ్మ బయట గోడ వారన కూర్చుంది. అక్కడ ఆమె ఎవరో తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. నా పక్కనున్న అత్తమ్మ కొంచెంసేపు తలుపు వైపు చూసి, నాకు కూసుంటె నడుము నొస్తాంది అని లేచి పోయి, అమ్మను లోపలికి పంపింది. అత్తమ్మకు నడుము నొప్పి ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

అమ్మ నా కాళ్ల దగ్గర నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. డ్యూటీ నర్సు వచ్చింది. చిన్న వయసు, గట్టి గొంతు. అట్టకు బిగించిన కాగితం మీద రాసుకుంటూ, మొదటిదేనా అని అడిగింది.

నాకు ఎప్పుడూ ఆ ప్రశ్న దగ్గర నోరు రాదు.

"రెండోది" అన్నది అమ్మ. "మొదలు బాబు. లేడు."

"ఎప్పుడు పోయిండు? పుట్టినంకనా?"

"నొప్పులల్లనే."

"ఏమైంది?"

అమ్మ మంచం ఇనుప కడ్డీ పట్టుకుంది. డాక్టరుకు కేసు చెప్పేటప్పుడు నర్సులు ఎట్లా చెప్తారో అట్లా, ఎక్కువ లేకుండా తక్కువ లేకుండా చెప్పింది.

"గుండె సప్పుడు సూడలే. పొద్దటి సంది ఎవ్వరు సూడలే. గీ పిల్ల తల్లి నర్సే. పక్క గదిలనే ఉండె. వచ్చి కూసునేది ఉండె, కూసోలే."

నర్సు రాయడం ఆపింది. ఆమెకు కోపం వచ్చింది, నా కోసం, మేం ఎవరమో తెలియకుండానే.

"గసొంటి మనిషిని నౌకరీల ఎట్ల ఉంచిండ్రు?"

"లేదు" అన్నది అమ్మ. "ఇడిసిపెట్టింది."

నర్సు నా కడుపు మీద మిషను పెట్టింది. చప్పుడు వార్డంతా వినిపించింది, గట్టి నేల మీద గొర్రెపిల్ల ఉరికినట్టు. పక్క మంచం ఆమె తల తిప్పి చూసింది. నేను అమ్మనే చూస్తున్నాను. ఆమె కుడి చెయ్యి కొంచెం లేచింది. అది లేచినట్టు ఆమెకే తెలిసి, దించుకుని కొంగులో దాచుకుంది.

"అమ్మా, కూసో" అన్నాను.

కూర్చుంది. నర్సు వచ్చి చూసిన ప్రతిసారీ లేచి జాగా ఇచ్చింది, ఆమె పోయాక మళ్లీ కూర్చుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నానో, ఆమె నాది పట్టుకుందో గుర్తు లేదు. మేం ఆ మాట గురించి మళ్లీ మాట్లాడలేదు. వినాలనుకున్నది విన్నాను. తేలిక అవుతుందనుకున్నాను. అమ్మ ముసలిది అయిపోయిందని మాత్రమే తెలిసింది.

పాప పుట్టింది. అమ్మ ఎత్తుకుంది, తుడిచింది, నా పక్కలో పడుకోబెట్టింది. ఇరవై ఒకటో రోజు పేరు పెట్టినప్పుడు బాపుతో కలిసి వచ్చి వెండి గిన్నె ఇచ్చి పోయింది. బాపు వాకిట్లో మా ఆయనతో, తోట గట్టున జామ చెట్టు పెట్టినం అని చెప్తుంటే విన్నాను. ఏ గట్టో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు పాపకు ఐదు నెలలు. మెదలకుండా పడుకుంటే నేను ఊరుకోలేను. అరికాలు గీకుతాను. అది ఉలిక్కిపడి ఏడుస్తుంది. అత్తమ్మ అవతలి గదిలోంచి తిడుతుంది, పన్న పిల్లను లేపుతవేంది, నేనున్న గదా, నేను సూస్త, నువ్వు పండుకో అని. ఆమె చూస్తుంది, నాకు తెలుసు. అయినా ఆ మాట వినగానే లేచి కూర్చుంటాను.

ఇందాక కూడా అట్లాగే లేచాను. పాప కళ్లు తెరిచి దీపం వైపు చూస్తోంది. ఉంది, మంచిగుంది.